పాప శాంటా తాతకి ఉత్తరం రాసి అంటించేసింది, నన్ను చదవొద్దంటోంది. ఏం చేయను?

నిద్రలేని అమ్మ | డిసెంబర్ 11, రాత్రి 11:20

అందరికీ నమస్తే. ఎప్పుడూ చదివి వెళ్ళిపోయే బాపతు నేను. ఇవాళ టెన్షన్ పట్టలేక రాస్తున్నా.

పాపకి ఎనిమిదేళ్ళు, బాబుకి నాలుగున్నర. క్రిస్మస్‌కి శాంటా తాత రావడం, గిఫ్టు, దాంతో పాటు ఒక చిన్న ఉత్తరం, ఇదంతా మా ఇంట్లో పాప పుట్టినప్పటినుంచీ ఉంది. ప్రతి ఏడూ పాప ఏం కావాలో రాసిస్తుంది, నేను "పోస్టులో వేస్తా" అని తీసుకుని, చదువుకుని, బీరువాలో దాచేస్తాను. ఈసారి తలుపేసుకుని రాసింది. కవర్లో పెట్టి గమ్ము పూసి, ఆపైన టేపు వేసి, "నేనే కిటికీలో పెడతా. శాంటాకి అన్నీ తెలుస్తాయి కదా, నువ్వు చదవక్కర్లేదు" అంది. అంటూ నా మొహంలోకే చూస్తోంది.

రాత్రి అది పడుకున్నాక కవరు చేతిలోకి తీసుకున్నా. టేపు అంచు మీదుగా పెన్నుతో అడ్డంగా ఒక గీత గీసి ఉంది. సగం గీత టేపు మీద, సగం కాగితం మీద. ఊడదీసి మళ్ళీ అంటిస్తే గీత కలవదన్నమాట! ఈ తెలివి ఎక్కడిదో నాకు తెలీదు.

ఇంకోటి. పోయినేడు శాంటా రాసిన ఉత్తరాన్ని అది తన పెన్సిల్ డబ్బాలో దాచుకుంది. నెల కిందట, "అమ్మా, శాంటా కూడా 'య' నీలాగే రాస్తాడే" అంది. నేను నవ్వేసి ఊరుకున్నా.

విప్పాలా? నిజం చెప్పేయాలా? చెబితే బాబు సంగతేంటి?

కాఫీ చల్లారింది | డిసెంబర్ 11, రాత్రి 11:48

ఆ గీత సంగతి చదివి పగలబడి నవ్వాను, క్షమించండి. మీ పాప కచ్చితంగా ఆడిటర్ అవుతుంది.

ఆవిరి పట్టి చూడండి, గమ్ము వదులుతుంది. టేపు సంగతి మాత్రం నాకు తెలీదు.

ముగ్గురి నాన్న | డిసెంబర్ 12, ఉదయం 6:55

ఆవిరి గీవిరి వద్దండీ. దొరికిపోతే శాంటా ఒక్కడే కాదు, మీరూ పోతారు.

మాకు ముగ్గురు, మూడు రకాలుగా బయటపడింది. పెద్దోడు ఆరేళ్ళకే లెక్కలు వేశాడు. ఒక్క రాత్రిలో ఇన్ని ఇళ్ళు ఎలా తిరుగుతాడు అని. భూమి తిరుగుతుంది, చీకటి ఒక్కోచోట ఒక్కో టైముకి పడుతుంది, అందుకని ఆయనకి ఇరవై నాలుగ్గంటల కంటే ఎక్కువే దొరుకుతుందని నేను సర్దిచెప్పాను. "అయినా చాలదు" అని వెళ్ళిపోయాడు. ఏడుపూ లేదు, కోపమూ లేదు. లెక్క తేలింది, అంతే.

రెండోది కార్ డిక్కీలో ప్యాకెట్ చూసేసింది. రెండేళ్ళపాటు మాకు చెప్పలేదు! తర్వాత అడిగితే, "మీరు చాలా సంతోషంగా ఉన్నారు, చెడగొట్టడం ఎందుకని" అంది. మేం దానికోసం నటిస్తున్నామనుకుంటే అది మాకోసం నటించింది.

మూడోవాడికి తొమ్మిది. ఇంకా నమ్ముతున్నాడో నమ్ముతున్నట్టు ఉంటున్నాడో ఆ పెరుమాళ్ళకే ఎరుక.

మీ పాపకి సగం తెలిసిపోయిందనే నా అనుమానం. తెలియనివాళ్ళు గీతలు గీయరు.

సూటిగా | డిసెంబర్ 12, ఉదయం 9:10

ఒక మాట అంటే అందరికీ కోపం వస్తుంది, అయినా అంటాను. పిల్లలకి అబద్ధం చెప్పకూడదని రోజూ నీతులు చెబుతాం. మనం మాత్రం ఏళ్ళ తరబడి దొంగ ఉత్తరాలు, దొంగ సంతకాలు. మా ఇంట్లో మొదటినుంచీ శాంటా ఒక కథే. గిఫ్టు అమ్మానాన్నలు కొన్నారని పిల్లకి తెలుసు, అయినా అంతే సరదాగా విప్పుకుంటుంది.

కాఫీ చల్లారింది | డిసెంబర్ 12, ఉదయం 9:31

మీ పిల్ల వెళ్ళి క్లాసులో అందరికీ చెప్పేయలేదు కదా సూటిగా గారూ?

సూటిగా | డిసెంబర్ 12, ఉదయం 9:40

...చెప్పింది. ఇద్దరు ఏడ్చారు. ఒకావిడ నాతో ఇప్పటికీ మాట్లాడదు. నిజం తెలిసిన పిల్లకి, ఆ నిజం ఎదుటివాళ్ళకి ఎవరు చెప్పాలన్నది కూడా నేర్పాలని అప్పుడు తోచలేదు. అది నా తప్పే, ఒప్పుకుంటా.

పదకొండేళ్ళ అమాయకుడు | డిసెంబర్ 12, మధ్యాహ్నం 1:15

నా పేరు చూస్తే మీకు అర్థమయ్యే ఉంటుంది. పదకొండేళ్ళు వచ్చేదాకా నమ్మాను. ఇంట్లో అంత పకడ్బందీగా నడిపారు. బూట్ల ముద్రలు వేసేవారు, సగం కొరికిన క్యారెట్ పెరట్లో పడేసేవారు, శాంటా బండి లాగే రెయిన్‌డీర్ తిన్నట్టు. అనుమానం వచ్చి అడిగిన ప్రతిసారీ ఇంకో కొత్త సాక్ష్యం తయారయ్యేది.

ఒకరోజు క్లాసులో ఎవడో "శాంటా లేడు" అంటే నేను లేచి వాదించాను. క్యారెట్ గురించి కూడా చెప్పాను. నలభై మంది నవ్వారు. సార్ కూడా నవ్వాడు. ఇంటికొచ్చి నాకు శాంటా లేడని బాధపడలేదండీ. నేను అడిగిన ప్రతిసారీ నా కళ్ళలోకి చూసి ఉన్నాడన్నారే, ఆ బాధ. ముప్పై దాటాయి, ఇప్పటికీ క్యారెట్ ముట్టను (ఇది జోకు, కానీ నిజంగానే ముట్టను).

సరదా వద్దనను. పిల్ల తనంతట తాను అడుగుతున్నప్పుడు మాత్రం కొత్త సాక్ష్యాలు పుట్టించొద్దు.

ప్రశ్నల పుట్ట | డిసెంబర్ 12, సాయంత్రం 7:02

పిల్లల మనస్తత్వం చదువుకుంటున్న దాన్ని, దీని మీద జరిగిన పరిశోధనలు కొన్ని చదివాను.

1994లో అండర్సన్, ప్రెంటిస్ అనే ఇద్దరు, నమ్మకం పోయిన 52 మంది పిల్లలతో మాట్లాడారు. ఎక్కువమంది ఏడేళ్ళప్పుడు తమంతట తామే కనిపెట్టారు. పిల్లలు చాలావరకు బాగానే ఉన్నామన్నారు. బాధపడింది తల్లిదండ్రులు! నాకు ఆ పేపర్లో బాగా గుర్తుండిపోయింది ఇదే.

2024లో కాండిస్ మిల్స్ బృందం 6 నుంచి 15 ఏళ్ళ పిల్లల్నీ, విడిగా పెద్దవాళ్ళనీ అడిగారు. సగటున ఎనిమిదేళ్ళ దగ్గర నమ్మకం పోతోంది. పిల్లల్లో మూడోవంతు మంది, పెద్దవాళ్ళలో దాదాపు సగం మంది అప్పుడు కాస్తో కూస్తో బాధపడ్డామన్నారు. చాలామందికి అది త్వరగానే తగ్గిపోయింది. పెద్ద వయసులో తెలిసినవాళ్ళకీ, ఎవరో ఉన్నట్టుండి చెప్పేస్తే తెలిసినవాళ్ళకీ, ఇంట్లో మరీ గట్టిగా నమ్మించినవాళ్ళకీ దెబ్బ ఎక్కువ. పైన అమాయకుడు గారికి మూడూ కలిసొచ్చాయి పాపం.

ఇంతకీ పిల్లలు నమ్మేది వెర్రివాళ్ళు కాబట్టి కాదు. వాళ్ళ దగ్గరున్న సాక్ష్యం అంత గట్టిది కాబట్టి నమ్ముతారు. 2004లో జాక్వెలిన్ వూలీ వాళ్ళు "క్యాండీ విచ్" అని ఒక కొత్త మంత్రగత్తెను కల్పించి చిన్నపిల్లలకి పరిచయం చేశారు. రాత్రిపూట వచ్చి మిఠాయిలు తీసుకుని బొమ్మ పెట్టి వెళ్తుందని కథ. ఎవరి ఇంట్లో పొద్దున్నే నిజంగా బొమ్మ కనిపించిందో వాళ్ళే ఎక్కువ నమ్మారు. ఇందులో వెర్రితనం ఏముంది? అమ్మ చెప్పింది, వస్తువు ఎదురుగా ఉంది. మనం వార్తలు నమ్మేదీ ఇంతకంటే గొప్పగా కాదు.

నిద్రలేని అమ్మ గారూ, మీ పాప చేస్తున్నది అచ్చం ప్రయోగమే. దాన్ని చెడగొట్టకండి. తను అడిగితే "నీకేమనిపిస్తోంది?" అని తిరిగి అడగండి. తను ఎంతవరకు వచ్చిందో తనే చెబుతుంది.

పాత పేపర్లు | డిసెంబర్ 12, రాత్రి 10:30

ఎనిమిదేళ్ళు అంటే వర్జీనియా గుర్తొచ్చింది. 1897లో న్యూయార్క్‌లో వర్జీనియా ఓహాన్లన్ అనే ఎనిమిదేళ్ళ పాప, స్నేహితులు శాంటా లేడంటున్నారు, నిజం చెప్పండి అని "ది సన్" పత్రికకి ఉత్తరం రాసింది. వాళ్ళ నాన్న ఆ పేపర్లో వస్తే నిజమేనన్నాడట (నాన్నగారి తెలివి చూడండి, నెపం పేపరు మీదికి నెట్టేశాడు). సెప్టెంబర్ 21న సంపాదకీయంలో జవాబు వచ్చింది. ప్రేమ, ఔదార్యం ఉన్నంత నిజంగా శాంటా ఉన్నాడని దాని సారం. రాసింది ఫ్రాన్సిస్ చర్చ్ అని 1906లో ఆయన పోయాకే లోకానికి తెలిసింది. ఆ పాప పెద్దయ్యాక టీచరయింది.

అందరూ మెచ్చుకుంటారు గానీ, నాకెప్పుడూ ఒక సందేహం. పిల్ల అడిగింది అవునా కాదా అని. ఆయన చెప్పింది కవిత్వం. మీ పాపలాంటిదయితే "అంటే లేడనేగా" అని మడిచి పక్కన పెట్టేది.

నేరం మనదొక్కరిదే కాదు లెండి. 1955లో కొలరాడో స్ప్రింగ్స్‌లోని అమెరికా వాయురక్షణ కేంద్రానికి శాంటా కోసం పిల్లల ఫోన్ వచ్చిందనీ, ప్రకటనలో నంబరు తప్పు పడడమే కారణమనీ కథ. అప్పటి నుంచి ప్రతి క్రిస్మస్ ముందురోజు రాత్రీ సైన్యమే శాంటా ఎక్కడున్నాడో చెబుతోంది, ఇప్పుడు నోరాడ్ అనే వాయురక్షణ సంస్థ పేరుతో. కెనడా పోస్టువాళ్ళు ఆయనకి పిన్‌కోడ్ కూడా ఇచ్చారు, హెచ్0హెచ్ 0హెచ్0. సున్నాని 'ఓ' అనుకుని చదవండి, హో హో హో. రాడార్లూ పోస్టాఫీసులూ ఒకవైపు నిలబడితే ఎనిమిదేళ్ళ పిల్ల టేపు మీద గీత గీసి ఎదుర్కొంటోంది. నా ఓటు పిల్లకే.

నిద్రలేని అమ్మ | డిసెంబర్ 15, రాత్రి 10:05

అందరికీ థ్యాంక్స్. ప్రశ్నల పుట్ట గారు చెప్పింది చేశాను. నిన్న జడ వేస్తుంటే అడిగింది, "అమ్మా, శాంటా నిజంగా ఉన్నాడా?" అని. నేను చాలా తెలివిగా, "నీకేమనిపిస్తోంది?" అన్నా.

"ముందు నువ్వు చెప్పు" అంది.

"ముందు నువ్వు అడిగావు కాబట్టి నీకేదో అనిపించే ఉంటుంది కదా" అన్నా.

"అయితే ఇరవై ఐదున చెప్తా" అంది. జడ అయిపోయింది, వెళ్ళిపోయింది.

కవరు ఇంకా కిటికీలోనే ఉంది. మా ఆయన రోజూ దాన్ని దీపానికి అడ్డంగా పెట్టి చూస్తున్నారు. ఏమీ కనిపించట్లేదట.

తొమ్మిదో తరగతి టీచర్ | డిసెంబర్ 16, ఉదయం 7:20

ఎవరూ అనలేదు గానీ, గిఫ్టు పరిమాణం గురించి కూడా ఒకసారి ఆలోచించండి. పిల్లలు బడిలో పోల్చుకుంటారు. ఒకడికి శాంటా సైకిల్ తెస్తాడు, ఒకడికి పెన్సిళ్ళు. "నేను మంచివాణ్ణి కాదా టీచర్?" అని చిన్న క్లాసుల్లో ఒకడు నన్ను అడిగాడు. ఏం చెప్పను? అందుకే మా ఇంట్లో పెద్ద వస్తువులు అమ్మానాన్నల పేరున, చిన్నవి మాత్రమే శాంటా పేరున.

ఇంకో విషయం. సంవత్సరమంతా "అల్లరి చేస్తే శాంటా చూస్తున్నాడు" అని బెదిరించే ఇళ్ళుంటాయి. తాతని సీసీ కెమెరా చేశారు. పన్నెండో నెలలో ఆ పిల్ల ఎంత అల్లరి చేసినా గిఫ్టు రాక మానదు, మొదటి అనుమానం అక్కడే పుడుతుంది. ఐస్‌లాండ్‌లో కనీసం మాటకి కట్టుబడతారు. అక్కడ పదమూడు మంది అల్లరి తాతలు, క్రిస్మస్ ముందు పదమూడు రాత్రులు, రోజుకొకరు చొప్పున వచ్చి కిటికీలో పెట్టిన బూటులో ఏదో ఒకటి వేస్తారు. అల్లరి చేస్తే కుళ్ళిన బంగాళాదుంప.

ముగ్గురి నాన్న | డిసెంబర్ 16, ఉదయం 8:02

మా మూడోవాడికి పదమూడు రాత్రులూ దుంపలే వచ్చేవి.

నీలి గొడుగు | డిసెంబర్ 17, సాయంత్రం 5:44

ఒకటి పోతే గొలుసుకట్టుగా అన్నీ పోతాయి, దానికి సిద్ధంగా ఉండండి. మా అమ్మాయికి శాంటా సంగతి చెప్పాక రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది. "ఈస్టర్‌కి గుడ్లు పెట్టి వెళ్ళే కుందేలు?" నేనే. "పన్నుకి డబ్బులు పెట్టే ఫెయిరీ?" నేనే. శాంటాకి ఏడవలేదు, ఫెయిరీ దగ్గర ఏడ్చింది. పన్ను ఊడితే నొప్పి ఉంటుంది కదండీ, ఆ నొప్పికి ఎవరో దూరం నుంచి వచ్చారన్నది దానికి ముఖ్యం.

అన్నట్టు స్పెయిన్‌లో ఫెయిరీ లేదు, పెరెజ్ అనే ఎలుక. 1894 ప్రాంతంలో ఎనిమిదేళ్ళ రాజు పదమూడో అల్ఫాన్సోకి పన్ను ఊడితే, లూయిస్ కొలోమా అనే మతగురువు ఆయన కోసం ఈ ఎలుక కథ రాశాడు. మాడ్రిడ్‌లో ఆ ఎలుక పేరున ఒక ఫలకం కూడా ఉంది. అక్కడ గిఫ్టులు ప్రధానంగా జనవరి 5 రాత్రి, బాల యేసుకి కానుకలు తెచ్చిన ఆ ముగ్గురు రాజులు తెస్తారు. కొన్నాళ్ళు అక్కడ ఉన్నాం, వీధుల్లో ఊరేగింపు చూశాం. ఎదురుగా ఒంటె మీద రాజు పోతుంటే మిఠాయిలు ఏరుకుంటున్న పిల్ల నమ్మక ఏం చేస్తుంది?

సూటిగా | డిసెంబర్ 17, రాత్రి 9:15

చూశారా, ఊళ్ళకి ఊళ్ళు కలిసి అబద్ధం ఆడతాయి.

పాత పేపర్లు | డిసెంబర్ 17, రాత్రి 9:50

సూటిగా గారూ, పూర్తిగా అబద్ధం కూడా కాదండీ. మూలపురుషుడు నికొలస్ నాలుగో శతాబ్దంలో మైరా అనే ఊరికి బిషప్, ఇప్పుడది టర్కీలోని డెమ్రె. ముగ్గురు ఆడపిల్లల పెళ్ళికి డబ్బులేక తండ్రి కుమిలిపోతుంటే, రాత్రిపూట ఎవరికీ కనబడకుండా వాళ్ళింట్లో బంగారం మూటలు విసిరి వెళ్ళాడని కథ. ఇచ్చినవాడు పేరు చెప్పుకోలేదు, అదే అందులో అసలు సంగతి. ఎర్ర కోటు, బొజ్జ, రెయిన్‌డీర్లు అన్నీ తర్వాత వచ్చి చేరినవి.

పెద్దపిల్లలకి నేను చెప్పే పద్ధతి కూడా అదే. "శాంటా లేడు" అనను. "పేరు చెప్పకుండా ఇచ్చే పని ఇంతకాలం మేం చేశాం, ఈ ఏడు నీ వంతు" అంటాను. మా వాడు వాచ్‌మన్ కొడుక్కి తన బంతి ప్యాక్ చేసి గుమ్మంలో పెట్టి మెట్ల కింద దాక్కున్నాడు. ఆ నవ్వు నేను మళ్ళీ చూడలేదు.

పదకొండేళ్ళ అమాయకుడు | డిసెంబర్ 18, ఉదయం 6:30

నాకెవరైనా ఇలా చెప్పి ఉంటే బాగుండేది.

నిద్రలేని అమ్మ | డిసెంబర్ 25, మధ్యాహ్నం 2:40

చాలామంది ప్రైవేటుగా అడుగుతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నా.

కవరు విప్పలేదు. ఏం రాసిందో తెలీదు కాబట్టి, ఏదో ఒకటి ఉండాలి కదా అని రంగుల డబ్బా ఒకటి కొన్నాను. నిన్న రాత్రి పదకొండింటికి హాల్లో కింద కూర్చుని ప్యాక్ చేస్తున్నా. తల ఎత్తేసరికి పాప ఎదురుగా నిలబడి ఉంది. నా చేతిలో టేపు, నోట్లో ఇంకో టేపు ముక్క. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకునే టైము కూడా లేదు.

ఏమీ అనలేదు. కిటికీ దగ్గరికెళ్ళి కవరు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఇప్పుడు విప్పు" అంది. గీత చెక్కుచెదరకుండా ఉందో లేదో ముందు తను చూసుకుంది.

లోపల తెల్ల కాగితం. ఏమీ రాయలేదు! అటూ ఇటూ తిప్పి చూశా.

"నేనేమీ అడగలేదు కదా. ఏదైనా వస్తే అది నువ్వు పెట్టిందే" అంది.

"ఏమీ రాకపోతే?"

"అప్పుడు శాంటా నిజమే. ఖాళీ కాగితమని ఆయనకి తెలుస్తుంది కదా."

అంటే నేను ఆ రంగుల డబ్బా కొనకపోయి ఉంటే ఇంకో ఏడు నమ్మేది. నా చేతులారా నేనే ముగించాను.

పక్కన కూర్చోబెట్టుకుని పాత పేపర్లు గారు చెప్పినట్టే చెప్పా, నికొలస్ కథతో సహా. శ్రద్ధగా విన్నది. తర్వాత నీలి గొడుగు గారు చెప్పినట్టే అయింది. "పళ్ళ ఫెయిరీ?" అంది. నేనేనన్నా. "అయితే నా పళ్ళు ఎక్కడున్నాయి?"

ఇది నేను ఊహించలేదు. బీరువాలోంచి కాటుక డబ్బీ తెచ్చి ఇచ్చా. అరచేతిలో పోసుకుని లెక్కపెట్టింది. ఏడు. "ఎనిమిది ఊడాయి" అంది. మళ్ళీ లెక్కపెట్టింది. బీరువా అంతా వెతికాం, లేదు. అప్పుడు ఏడ్చింది. శాంటా కోసం కాదు, నేను పోగొట్టిన పన్ను కోసం. పావుగంట ఏడ్చింది.

కళ్ళు తుడుచుకున్నాక తమ్ముడి ఉత్తరం తనే రాస్తానంది. "నీ 'య' వాడు కూడా కనిపెడతాడు, వచ్చే ఏడు చదవడం వస్తుంది" అని నా చేతిలో పెన్ను లాక్కుంది. ఎడంచేత్తో రాసింది. పొద్దున బాబు దాన్ని పట్టుకుని ఇల్లంతా పరిగెత్తుతుంటే అది నావైపు చూసి కనుబొమలు ఎగరేసింది.

ముగ్గురి నాన్న | డిసెంబర్ 25, మధ్యాహ్నం 3:05

ఎడంచేత్తోనా! ఆడిటర్ కాదండీ, ఈ పిల్ల ఇంకేదో అవుతుంది.

ప్రశ్నల పుట్ట | డిసెంబర్ 25, మధ్యాహ్నం 3:30

ఖాళీ కాగితం... మా డిపార్ట్‌మెంట్లో ఎవరికీ తట్టని డిజైన్. మీ పాపకి నా నమస్కారాలు చెప్పండి.

సూటిగా | డిసెంబర్ 25, సాయంత్రం 4:12

బాగా చేశారండీ. నా మాట వెనక్కి తీసుకోను గానీ, బాగా చేశారు.

నీలి గొడుగు | డిసెంబర్ 27, ఉదయం 10:18

ఎనిమిదో పన్ను దొరికిందా?

నిద్రలేని అమ్మ | డిసెంబర్ 27, రాత్రి 9:55

లేదండీ. నిన్న రాత్రి పక్కగదిలోంచి వినబడింది, తమ్ముడికి చెబుతోంది. ఏడు పళ్ళు అమ్మ దగ్గరున్నాయట, ఎనిమిదోది మాత్రం నిజం ఫెయిరీ పట్టుకెళ్ళిందట.